పన్నెండు గంటల స్థానం

మూడేళ్ళ క్రితం, మార్గశిర మాసంలో ఒక ఉదయం, కాఫీ గ్లాసు అందుకుంటే కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ దాని వేడి తెలియలేదు. చేయి తలకింద పెట్టుకుని పడుకున్నానేమో, తిమ్మిరి పట్టిందనుకున్నాను. మరునాడూ అంతే. వారం తిరిగేసరికి ఆ తిమ్మిరి మెడ నుండి భుజం, భుజం నుండి మోచేయి, అక్కడి నుండి వేళ్ళ దాకా ఒక దారి వేసుకుని, ప్రతి సాయంత్రం అదే దారిన వచ్చిపోవడం మొదలుపెట్టింది. ఎముకల వైద్యుడు నా మెడ చిత్రాన్ని వెలుగుకు ఎత్తి చూసి, "రోజుకు ఎన్ని గంటలు తల వంచుకుంటారమ్మా?" అని అడిగారు. ఏం పని చేస్తారని అడగలేదు. మెడను చూడగానే ఆయనకు పని తెలిసిపోయినట్టుంది.

నేను దంతవైద్యురాలిని. అప్పటికి 18 ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పళ్ళ మీది గార తీస్తూ బతుకుతున్నాను. "మాత్రలు నొప్పిని తగ్గిస్తాయి. మీరు కూర్చునే తీరు మారితే తప్ప జబ్బు తగ్గదు" అన్నారాయన. ఆ మాటకు నాకు బాధకన్నా సిగ్గు ఎక్కువ కలిగింది. గార తీసేటప్పుడు వైద్యుడూ రోగీ ఉండవలసిన స్థానాలను గురించి ఆఖరి సంవత్సరం పరీక్షలో ప్రశ్న వస్తే, గడియారం బొమ్మ గీసి మరీ జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆ గడియారం సంగతీ, దాన్ని మరచిపోయినందువల్ల నా మెడ ఒక్కటే కాక ఇంకేమి పోగొట్టుకున్నానో ఆ సంగతీ చెప్పడానికే ఈ టపా.

రోగి వెల్లకిలా పడుకున్న కుర్చీ చుట్టూ ఒక పెద్ద గడియారపు ముఖం పరచి ఉన్నదని ఊహించుకోండి. మధ్యలో రోగి నోరు. నడినెత్తి వైపు 12, పాదాల వైపు 6. కుడిచేతి వాటం వైద్యులు 8 నుండి 12 వరకు ఉన్న భాగంలోనే జరుగుతూ పని చేయాలి. ఎడమచేతి వాటం వారికి, అద్దంలో చూసినట్టు, అది 4 నుండి 12 వరకు. ముందుపళ్ళలో మన వైపు తిరిగి ఉన్న పక్కలను 8 లేదా 9 దగ్గర కూర్చుని చూడాలి. అవతలకు తిరిగి ఉన్న పక్కలకు 12 దగ్గరకు వెళ్ళాలి. దవడపళ్ళలో మన వైపున్న పక్కలకు 9, అవతలి వాటికి 10 లేదా 11. ఒకే చోట పాతుకుపోయి నోరంతా చూడడం ఎవరి తరమూ కాదని ఆ గడియారం చెబుతుంది.

కూర్చోవడానికీ కొలతలున్నాయి. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి. భుజాలు వదులుగా జారవిడిచి, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలి. రోగి నోరు మన మోచేతి ఎత్తున ఉండాలి. కంటికీ ఆ నోటికీ మధ్య దూరం ఇంచుమించు 35 నుండి 45 సెంటీమీటర్లు. తల ముందుకు వంగవచ్చును గాని 20 డిగ్రీలు దాటరాదు. ఇక రోగి సంగతి: కింది పళ్ళు చూసేటప్పుడు కుర్చీ వీపు కొద్దిగా పైకి లేపి గడ్డం దించమనాలి. పై పళ్ళకు పూర్తిగా పడుకోబెట్టి గడ్డం ఎత్తమనాలి. అవసరాన్ని బట్టి తల మన వైపుకో అవతలికో తిప్పమనాలి. పాఠం మొత్తాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలంటే, తిరగవలసింది రోగి తల, వైద్యుడి మెడ కాదు.

ఇంత తెలిసీ ఎందుకు తప్పుతాము? నా మట్టుకు రెండు కారణాలు కనిపించాయి. మొదటిది తొందర. బయట బల్ల మీద ఆరుగురు కూర్చుని ఉండగా, బల్లను 9 నుండి 11కి జరుపుకోవడానికి పట్టే నాలుగు క్షణాలు కూడా దండుగ అనిపిస్తాయి. ఉన్నచోటనే నడుము మెలితిప్పి తొంగిచూస్తాము. రెండవది మొహమాటం. తండ్రి వయసున్న మనిషిని పడుకోబెట్టి, "గడ్డం ఎత్తండి, తల ఇటు తిప్పండి, ఇంకొంచెం" అని పదే పదే అడగడం మర్యాదగా ఉండదనిపిస్తుంది. ఆయన తల ఆయన ఇష్టం వచ్చినట్టే ఉంటుంది, మన మెడ దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తుంది. దాన్ని నేను వినయమనుకున్నాను. మనిషి తల బరువు ఇంచుమించు 5 కిలోలు. నిటారుగా ఉన్నంతసేపూ వెన్నెముక ఆ బరువును మోస్తుంది. ముందుకు వంగిందా, మెడ కండరాలు పట్టి లాగి ఉంచవలసి వస్తుంది. 18 ఏళ్ళ నా వినయాన్ని అవి మోశాయి.

ఈ తిప్పలు ఇవాళ్టివి కావు. సుమారు వెయ్యేళ్ళ క్రితం స్పెయిన్‌లోని కార్డోబా ప్రాంతంలో ఉన్న శస్త్రవైద్యుడు అల్ జహ్రావీ తన వైద్య గ్రంథంలో పళ్ళ గార గీకే పరికరాలను బొమ్మలతో సహా వివరించాడు. ఒక్కొక్క పక్కకు ఒక్కొక్క ఆకారం కావాలని ఆనాడే గుర్తించాడు. రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అతని తలను తన ఒడిలో పెట్టుకుని గీకమన్నాడు. తరువాత చాలాకాలం యూరప్‌లో రోగిని నేల మీద కూర్చోబెట్టి, తలను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని పని కానిచ్చేవారు. 1728లో దంతవైద్యం మీద పెద్ద గ్రంథం ప్రచురించిన ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫోషార్ ఆ పద్ధతిని తప్పుపట్టి, చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టమన్నాడు. రోగికి కుర్చీ దొరికింది గాని వైద్యుడు మాత్రం ఆ తరువాత కూడా చాలాకాలం నిలబడే ఉన్నాడు. పూర్తిగా వెనక్కి వాలే కుర్చీ 1958లో అమెరికాలో వచ్చిన తరువాతనే, రోగి పడుకోవడం, వైద్యుడు కూర్చోవడం మామూలు పద్ధతి అయింది.

పడుకోబెట్టడమంటే అందరినీ ఒకేలా పడుకోబెట్టడం కాదు. గుండె బలహీనమైనవారు వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, వారిని సగం కూర్చోబెట్టి చేయాలి. నెలలు నిండుతున్న గర్భిణిని వెల్లకిలా ఉంచితే గర్భం బరువు పెద్ద రక్తనాళాన్ని నొక్కి కళ్ళు తిరగవచ్చును. కుడి తుంటి కింద దిండు పెట్టి ఎడమ పక్కకు కొద్దిగా ఒరిగించాలి. వీపు గూనిబోయిన ముసలమ్మకు మెడ కింద మెత్త కావాలి. పని అయిపోగానే ఎవరినీ గబాలున లేపకూడదు, కాసేపు కూర్చోబెట్టి లేవనివ్వాలి. చిత్రమేమిటంటే, ఈ ప్రశ్నలన్నీ అడిగితే తప్ప కుర్చీ ఎంత వాల్చాలో తెలియదు. అడిగామా, నోరు తెరవకముందే మనిషి ఆరోగ్యం సగం తెలిసిపోతుంది.

హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెలో వైద్యశిబిరానికి వెళ్ళాము. ఒక ముసలమ్మ వచ్చింది. బడి బెంచీ మీద కూర్చోబెట్టి, టార్చిలైటు వేసి, కింది పళ్ళు చూసి, గార ఉందని చీటీ రాయబోయాను. మా మేడమ్ ఆపి, ఆ బెంచీ మీదనే ఆమెను పడుకోబెట్టి గడ్డం ఎత్తించారు. అంగిలి కనిపించింది. తెల్లగా మందంగా మారి, మధ్య మధ్య ఎర్రటి చుక్కలతో ఉంది. ఆ తీరప్రాంతంలో ఆడవాళ్ళు చుట్టను నిప్పున్న కొన నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు, అడ్డపొగ అంటారు. ఆ వేడీ పొగా అంగిలికి తగిలి, కొందరిలో అది పుట్టకురుపుకు దారితీస్తుంది. కూర్చున్న మనిషి నోట్లో అంగిలి సరిగా కనిపించదు. ఆ ముసలమ్మను మేడమ్ పెద్దాసుపత్రికి పంపించారు. "ఎక్కడ నుండి చూస్తున్నావో అదే కనిపిస్తుంది" అన్నారు నాతో. అది ఆమె గురించి చెప్పిన మాట అనుకున్నాను. నా గురించి అని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా అమ్మకు అప్పుడు 64 ఏళ్ళు. నా దగ్గరే ఉంటుంది. మెడ నొప్పి మొదలవడానికి రెండేళ్ళ ముందు నుండే, "పళ్ళు తోముకుంటుంటే కాస్త నెత్తురు కనబడుతోందే" అని అప్పుడప్పుడూ అంటూ ఉండేది. ఆ మాట ఎప్పుడూ వంటింట్లోనే అనేది. నేను ఆసుపత్రికి బయలుదేరుతూ, క్యారేజీ అందుకుంటూ, "ఏదీ, నోరు తెరువమ్మా" అనేదాన్ని. ట్యూబులైటు కింద నిలబడి నోరు తెరిచేది. ముందుపళ్ళు శుభ్రంగానే ఉండేవి. "గట్టిగా రుద్దకు, మెత్తటి బ్రష్షు వాడు, రాత్రిళ్ళు కూడా తోముకో" అని చెప్పి వెళ్ళిపోయేదాన్ని. ఒకటి రెండుసార్లు ఆసుపత్రికి రమ్మన్నాను. "బయటివాళ్ళు కాచుకుని ఉంటారు, మనింటి మనిషిని ఎప్పుడైనా చూసుకోవచ్చులే" అంది. నిజమే కదా అనుకున్నాను. ఆ 'ఎప్పుడైనా' రెండేళ్ళయింది.

మెడ సంగతి తేలాక, పది రోజులు ఆసుపత్రి మూసి, కూర్చునే బల్ల మార్చి, దీపం మార్చి, మళ్ళీ మొదటి నుండి నేర్చుకోవడానికి కూర్చున్నాను. ఎవరి మీద సాధన చేయాలి? డబ్బిచ్చే రోగి ఎదుట తడుముకోలేను. అమ్మను అడిగాను. నా కోసమని వెంటనే బయలుదేరింది. తన కోసం రమ్మన్నప్పుడు రాని మనిషి, నా మెడ కోసం వచ్చింది. కుర్చీలో పడుకుని, "ఇదేమిటే, తల కిందికీ కాళ్ళు పైకీ వెళ్ళిపోతున్నాయి" అని నవ్వింది. మెడ కింద మెత్త సర్ది, 9 దగ్గర నుండి మొదలుపెట్టి, పాఠంలో ఉన్నట్టే ఒక్కొక్క స్థానానికి జరుగుతూ వచ్చాను. 12 దగ్గర, తల వెనుక కూర్చుని, అద్దంలో కింది ముందుపళ్ళ లోపలి పక్క చూశాను. లాలాజలం ఊరే నాళాలు ఆ దగ్గరలోనే తెరుచుకుంటాయి కనుక గార అక్కడ తొందరగా కడుతుంది. గోడకు సున్నం కట్టినట్టు కట్టింది. వంటింట్లో నిలబడి చూసిన నాకు ఆ పళ్ళ బయటి పక్క మాత్రమే కనబడేది.

తరువాత 11 దగ్గరకు జరిగి, తల నా వైపుకు తిప్పించి, గడ్డం ఎత్తించి, పై కుడి దవడపళ్ళ లోపలి పక్కన కొలత కడ్డీ దించాను. చిగురుకూ పంటికీ మధ్య ఉండే సందు ఆరోగ్యంగా ఉన్నవారిలో 1 నుండి 3 మిల్లీమీటర్లు. 6 వచ్చింది. పక్కదానికి 7. కడ్డీ తీయగానే నెత్తురు వచ్చింది. ఆఖరి పన్ను వేలితో తాకితే కదిలింది. వేర్లు చీలే చోట ఎముక లేదు.

అప్పుడు నాకు ఆసుపత్రిలో ప్రతివారినీ అడిగే ప్రశ్నలు గుర్తుకు వచ్చాయి. అమ్మను ఒక్కటీ అడగలేదు. "రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తావు?" అని అడిగాను. మూడు నాలుగుసార్లంది. దాహం? "ఎండలు కదే" అంది. అది పుష్యమాసం. మరునాడు రక్తం పరీక్ష చేయిస్తే మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1 వచ్చింది.

నేను రెండేళ్ళు బ్రష్షును తప్పుపట్టాను. బ్రష్షు తప్పేమీ లేదని కాదు. 1965లో హరాల్డ్ లోయె బృందం చేసిన ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది పళ్ళు తోముకోవడం మానేస్తే, 10 నుండి 21 రోజులలో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టగానే తగ్గాయి. పాచి లేనిదే వాపు లేదు. కానీ అదే లోయె, 1986లో శ్రీలంక తేయాకు తోటల కూలీల గురించి మరొక వ్యాసం ప్రచురించాడు. పళ్ళు తోముకునే అలవాటు గాని, దంతవైద్యం గాని లేని 480 మందిని 1970 నుండి 15 ఏళ్ళ పాటు గమనించారు. అందరి నోళ్ళలోనూ పాచీ గారా సమృద్ధిగా ఉన్నవే. అయినా వారిలో 8 శాతం మందికి జబ్బు వేగంగా ముదిరి పళ్ళు ఊడాయి, 81 శాతానికి నెమ్మదిగా ముదిరింది, 11 శాతానికి చిగుళ్ళ వాపును దాటి ముందుకు పోనే లేదు. విత్తనం ఒక్కటే, నేలలు వేరు. నేను విత్తనాన్ని గురించి ఉపన్యాసాలిస్తూ, నేల ఎలా ఉన్నదని అడగలేదు.

ఆ నేలను చెడగొట్టేవాటిలో మొదట చెప్పవలసినవి రెండు: పొగాకు, అదుపులో లేని చక్కెర. పొగ తాగేవారి చిగుళ్ళలో ఒక మోసం ఉంది. లోపల ఎముక కరిగిపోతున్నా నెత్తురు అంతగా కనబడదు, మంచిగా ఉన్నట్టే ఉంటుంది. చక్కెర జబ్బు వల్ల ముప్పు రెండు మూడు రెట్లవుతుంది. చిగుళ్ళ వ్యాధిని మధుమేహపు ఆరవ ఉపద్రవమని 1993లో లోయె పేర్కొన్నాడు. 2018లో ప్రకటించిన కొత్త వర్గీకరణలో, జబ్బు ఎంత వేగంగా ముదరగలదో అంచనా కట్టేటప్పుడు ఈ రెండిటినీ లెక్కలోకి తీసుకుంటారు. రోజుకు 10 సిగరెట్లు గాని అంతకు మించి గాని తాగేవారినీ, చక్కెర జబ్బుండి హెచ్‌బీఏ1సీ 7 గాని అంతకు మించి గాని ఉన్నవారినీ అన్నిటికన్నా ప్రమాదకరమైన తరగతిలో చేర్చారు. ఇవి కాక, రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ వంటి మందుల వల్ల కొందరిలో చిగుళ్ళు పెరిగి పళ్ళను కప్పుతాయి. గర్భిణులకు వాపు ఎక్కువవుతుంది. నోరు ఎండిపోయేవారికి పాచి తొందరగా పడుతుంది. వంశంలో ఉన్నదీ కొంత.

అమ్మకు నాలుగు విడతలుగా గార తీసి, చిగురు లోపల వేర్ల మీద కట్టినదాన్నీ గీకి శుభ్రం చేశాను. మొదటి రోజు భయపడింది. "గార తీయిస్తే పళ్ళు కదులుతాయట, పక్కింటావిడ చెప్పింది." ఈ మాట నేను వేలసార్లు విని, విసుగ్గా కొట్టిపారేసినదే. ఈసారి కూర్చుని చెప్పాను. ఎముక ముందే కరిగిపోయి ఉంటుంది, మధ్యలో గార సిమెంటులా పట్టి ఉంచుతుంది. అది పోయి, వాపు తగ్గి, చిగురు కుంచించుకుంటే సందులు బయటపడతాయి, కొన్నాళ్ళు చల్లటి నీళ్ళకు జివ్వుమంటుంది. పళ్ళు కదిలించింది జబ్బు, గార తీయడం కాదు. అమ్మ అంతా విని, "అలాగైతే తియ్యి" అంది. ఒక్క ముక్కలో ఒప్పుకుంది. ఆ రెండేళ్ళలో ఎప్పుడు కూర్చుని చెప్పినా ఒప్పుకునేదే.

పై కుడి పళ్ళు రెండూ దక్కలేదు. నా చేత్తోనే తీశాను. ఆ రోజు రాత్రి ఉండబట్టలేక, "చక్కెర లక్షణాలు అన్ని ఉంటే చెప్పవేం అమ్మా?" అని అడిగాను. నిష్ఠూరంగానే అడిగాను. దూది పట్టుకున్న పళ్ళ మధ్య నుండి నెమ్మదిగా అంది: "నువ్వు నిలబడి అడిగావు, నేను నిలబడి చెప్పాను. అంతకన్నా ఏం చెబుతానే?" అందులో కోపమేమీ లేదు. ఉన్నా బాగుండేది.

మాత్రలూ, అన్నం తగ్గించడమూ, సాయంత్రపు నడకా కలిసి ఏడాదిలో ఆ 9.1ని 6.8కి దించాయి. చిగుళ్ళకు వైద్యం చేస్తే హెచ్‌బీఏ1సీ సగటున 0.3, 0.4 తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. చిన్న అంకెలే గాని, దారి రెండు వైపులా ఉన్నదని తెలియడానికి చాలు. చక్కెర చిగుళ్ళను పాడుచేస్తుంది, చిగుళ్ళలోని మంట చక్కెరను అదుపు తప్పిస్తుంది. మిగిలిన పళ్ళ సందులు చాలావరకు 4 లోపుకు వచ్చాయి. నా వేళ్ళలో తిమ్మిరి చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇప్పుడు ఎంతటి పెద్దవారినైనా "తల ఇటు తిప్పండి" అని అడుగుతున్నాను. ఇంతవరకు ఒక్కరూ ఏమీ అనుకోలేదు.

మూడు నెలలకొకసారి ఆసుపత్రి పుస్తకంలో అమ్మ పేరు రాసి ఉంటుంది, వేళతో సహా. ఆవిడ కూడా బయట బల్ల మీద కూర్చుని పిలుపు కోసం చూస్తుంది. మొన్న వచ్చినప్పుడు 12 దగ్గర కూర్చుని ఆవిడ తల సర్దుతుంటే, కుర్చీ మీది నుండి పైకి నన్ను తలకిందులుగా చూస్తూ, "నీకు పేలు దువ్వేటప్పుడు నేనిలాగే కూర్చునేదాన్ని. ఒక్క నిమిషం తల నిలిపేదానివి కాదు" అంది. వీధి అరుగు మీద ఆదివారం మధ్యాహ్నాలు. ఆవిడ వెనుక, నేను ముందు. తల కదిపితే దువ్వెనతో నెత్తిన చిన్న మొట్టికాయ వేసేది. తొందర పడిన గుర్తు లేదు.

చదువుతున్న మిత్రులకు ఒక మనవి. చిగుళ్ళ నుండి నెత్తురు వస్తుంటే బ్రష్షు మార్చి ఊరుకోకండి. వెళ్ళి పడుకుని చూపించుకోండి. చక్కెర, పొగాకు, గర్భం, వాడుతున్న మాత్రలు, వైద్యులు అడగకపోయినా చెప్పండి. తల తిప్పమంటే తిప్పండి. ఇంట్లో పెద్దవాళ్ళు వంటింట్లో నిలబడి ఏదైనా అన్నారా, ఆ రోజుకు పని ఆపి కూర్చోండి.